వివేకుడికి తాంబూలం

శ్రీశ్రీ దుర్గా శరణం
కాట్వా
ఆషాఢం, రథయాత్ర మర్నాడు

కల్యాణీయ శెఫాలికి,

నీ ఉత్తరం అందింది. నువ్వడిగిన నాటకం కూడా దొరికింది. మామగారు రాసిన జాత్రా నాటకాలన్నీ విడివిడిగా గుడ్డల్లో చుట్టి, వేపాకు వేసి దాచాను కాబట్టి 'రాజా వజ్రకేతు'కి చెదలు పట్టలేదు. తిరగరాసి పంపుతున్నాను. అసలు ప్రతి మాత్రం పంపను, కొండదారిలో తడిస్తే మళ్ళీ రాయడానికి ఆయన లేరు.

మీ షిల్లాంగ్ కాలేజీలో ఖాసీ పిల్లల చేత మన జాత్రా ఆడిస్తానంటే మీ దాదా నవ్వారు. నీకు ఆయన అన్నగారు, నాకు భర్త, ఇద్దరికీ చెప్పే మాట ఒకటే. "శెఫాలికి చెప్పు, రాజు వేషం ఎవరు వేసినా సరే, వివేకుడి వైపు చూడకూడదని. చూశాడా, ఆట పోయింది" అన్నారు. ఆయన అన్నది గొప్ప కోసం కాదు. ఆయన రాజు వేషంలో ఉంటే, వివేకుడు చెవి పక్కన నిలబడి పాడినా కనురెప్ప కదిలేది కాదు, జిల్లా అంతా చెప్పుకునేవారు. పాడేది సొంత తమ్ముడే అయినా.

ఇక ఇంటి సంగతి. మార్గశిరం వస్తే మీ మేజ్‌దా, అదే వివేకుడి వేషం వేసిన మీ రెండో అన్న, చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళి పన్నెండేళ్ళు నిండుతాయి. కర్మ జరిపించాలని అత్తగారు నిశ్చయించారు. పురోహితుడితో మాట్లాడాను. దర్భలతో మనిషి ఆకారం కట్టి, మోదుగాకులు చుట్టి, తలకి కొబ్బరికాయ పెట్టి నది ఘాట్‌లో దహనం చేస్తారట. ఆ తరవాత శ్రాద్ధం. కావలసినవన్నీ రాసుకున్నాను, మోదుగాకులు ముందే చెప్పి ఉంచాలి, ఆ నెలలో దొరకవు.

అతని భార్యకి, అదే మీ మేజ్‌బౌది నీహార్‌కి, ఇంకా చెప్పలేదు. సమయం చూసి అత్తగారు చెబుతారు. నువ్వు నీహార్‌కి ఏమీ రాయకు. మధ్యాహ్నం మేజ్‌దా పేర పళ్ళెంలో అన్నం పెడుతున్నాం, నీహార్ పక్కన తాంబూలం పెడుతుంది, అన్నీ ఎప్పట్లాగే జరుగుతున్నాయి. ఆ రోజు వచ్చేదాకా అలాగే జరగనీ.

అక్కడ వానలట. తల తడవనీయకు.

ఆశీస్సులతో
నీ బౌది, రమల

*

షిల్లాంగ్
శ్రావణం

బౌదీ,

నాటకం అందింది. నీ దస్తూరిలో నాన్నగారి మాటలు చదువుతుంటే, నువ్వు కూడా ఆ రోజుల్లో తెర వెనక ఉండి ఉంటే బాగుండేదనిపించింది. మన జాత్రాకి తెరే లేదనుకో. ఆ సంగతి మా పిల్లలకి చెప్పడానికే నాకు వారం పట్టింది.

నాలుగు వైపులా జనం, మధ్యలో చాప, చాటు అనేది ఎక్కడా లేదు. జనంలోంచి నడిచొచ్చి వివేకుడు రాజు అంతరాత్మలా అతని పక్కన నిలబడి పాడతాడు. ఊరంతటికీ కనిపిస్తాడు, రాజుకి కనిపించడు. ఇది ఎంత గొప్ప ఉపాయమో నేను తరగతిలో చాలా చెప్పాను. చూసేవాళ్ళకి తెలిసింది ఆడేవాళ్ళకి తెలియకపోవడంలో ఉన్న వణుకు గురించీ చెప్పాను. పిల్లలు మర్యాదగా విన్నారు. చివర్లో రాజు వేషం వేస్తున్న ఇబాన్రి లేచింది.

"మిస్, ఆయన రాజుగారి ఇంట్లోకి వచ్చాడు కదా. మరి క్వాయ్ ఇవ్వరా?"

క్వాయ్ అంటే పచ్చి వక్క ముక్క, సున్నం రాసిన ఆకు. ఇక్కడ గడప లోపల అడుగు పెట్టినవాడికి ముందు అది చేతిలో పెట్టాలి. శత్రువైనా సరే. ఆయన రాజుకి కనిపించడమ్మా అన్నాను. "కనిపించకపోవడం ఏంటి మిస్, పాడుతున్నాడుగా. కనిపించనట్టు ఉండటానికి రాజు ఎంత కష్టపడాలి?" అంది. నిజమే, దాదా ఎంత కష్టపడేవారో మనం ఎప్పుడైనా అడిగామా?

ఇంకొకటి. ఇక్కడ ఎవరైనా పోతే పోయారనరు. దేవుడింట్లో వక్క తింటున్నాడంటారు. అంటే ఇంటికొచ్చినవాడికీ అదే, పోయినవాడికీ అదే.

నాకు బాగా తెలిసిన పిల్ల కాబట్టి ఇబాన్రికి మనింటి సంగతి చెప్పాను, పేర్లు లేకుండా. దర్భబొమ్మ తగలబెడితే ఆ ఇల్లాలికి ఏం పోతుందని అడిగింది. శంఖు గాజులు, పాపిట్లో సిందూరం, చేప ముక్క, ఎర్రంచు చీర అని చెప్పాను. వాళ్ళలో ఇల్లు ఆడదానిది, మొగుడు వచ్చి ఉంటాడు, రాకపోతే ఇల్లు ఎక్కడికీ పోదు. అంతా విని ఇబాన్రి, "ఆవిడ ఏమందిట?" అంది.

అదే నేనూ నిన్ను అడుగుతున్నాను. మేజ్‌బౌది ఏమంది?

శెఫాలి

*

శ్రీశ్రీ దుర్గా శరణం
కాట్వా
భాద్రపదం

శెఫాలికి,

నీహార్‌ని అడగడానికి ఇది ఏ చీర కట్టుకుంటావన్న ప్రశ్న కాదు. శాస్త్రం ఉంది, అత్తగారు ఉన్నారు. ఆవిడకి కళ్ళు దాదాపు పోయాయి, తను పోయేలోగా కొడుక్కి ఒక దారి చూపించాలనుకుంటున్నారు. అందులో తప్పేముందో మీ ఖాసీ పిల్లని అడిగి రాయి. ఆ పిల్ల తెలివైనదే. కాని తెలివి వేరు, ఈ ఇంట్లో కాపురం చెయ్యడం వేరు.

వివేకుడి ప్రవేశం గురించి రాశావు. మేజ్‌దా ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు నుంచే వచ్చేవాడు. మేమెవరం కూర్చున్నా మా వెనక ముందు ఒక దగ్గు వినిపించేది, తరవాత పాట. రంగం మీద ఉన్నవాళ్ళు దీపానికి కాస్త పైకి చూస్తూ ఉండాలని మామగారి నియమం. దీపం పైకి చూసేవాడికి పక్కన ఎవరున్నారో తెలియదట.

ఒక చిన్న విషయం రాయాలి. ఏటా లాగే ఈ నెల పెట్టెలన్నీ తీసి బట్టలు ఎండలో వేశాను. వివేకుడి అంగరఖా, ఆ నల్లటి పొడుగు చొక్కా, నీకు గుర్తుందిగా, ఆఖరి ఆట అయిన తెల్లవారి మేజ్‌దా చాప మీద మడతపెట్టి ఉంచి వెళ్ళిపోయాడే, అదే. తాళం చెవి నా కొంగున తప్ప ఎక్కడా ఉండదు. మిగతా బట్టలన్నీ పొడిగా, కర్పూరం వాసనతో ఉన్నాయి. దాని కింది అంచు మాత్రం తడిగా ఉంది. పెట్టె అడుగు చూశాను, కారిన గుర్తు లేదు. అంచు మడతలో ఒక ఎండుటాకు ఇరుక్కుని ఉంది. సూదిలా సన్నగా, వేలెడు పొడవు. మన వైపు అలాంటి చెట్టు లేదు. కిందటేడు నువ్వు పంపిన శాలువాతో వచ్చి ఉంటుందనుకుంటున్నాను, అదీ ఆ పెట్టెలోనే పెట్టాను. ఈ కవరులో పెడుతున్నాను, ఏమిటో చూసి రాయి.

దాదాకి చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా.

రమల బౌది

*

షిల్లాంగ్
ఆశ్వయుజం

బౌదీ,

అది పైన్ ఆకు. నా కిటికీ బయట వేలకొద్దీ రాలి ఉన్నాయి. కాని నీకు పంపిన శాలువా నేను కలకత్తా వచ్చినప్పుడు కొని అక్కణ్ణించే పోస్టులో వేశాను. కొట్టు రశీదు పార్సెల్లోనే పెట్టాను, అది నీ దగ్గరే ఉంటుంది, నువ్వు ఏదీ పారెయ్యవుగా.

నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. కాని నీ ఉత్తరం వచ్చిన రోజే ఇక్కడ జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మధ్యాహ్నం రిహార్సల్ చేస్తున్నాం. హాలులో కుర్చీలు గోడకి జరిపి మధ్యలో చాప వేయించాను. నాటకం ఇంగ్లీషులోకి మార్చినా పాట బెంగాలీలోనే ఉంచాను. వేటకు వెళ్ళి తిరిగి రాని అన్నకి వజ్రకేతు పిండం పెడుతున్న ఘట్టం. ఇక వివేకుడు రావాలి. వివేకుడి వేషం వేసే పిల్ల ఆ రోజు జ్వరంతో రాలేదు, పాట నేనే పాడతానన్నాను. నేను నోరు తెరవకముందే ఇబాన్రి పిండం పక్కన పెట్టి లేచింది. చాప దాటి వెళ్ళి, వెనక తలుపు దగ్గర నిలబడి, సంచిలోంచి వక్క తీసి చెయ్యి చాచింది. వంగి నమస్కారం చేసి తిరిగొచ్చి కూర్చుంది.

ఎవరికిచ్చావన్నాను. "వచ్చాడుగా మిస్. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి పిలవకపోతే ఎలా వస్తాడు?" అంది. మిగతా పిల్లలు తలుపు వైపు చూశారు తప్ప ఎవరూ నవ్వలేదు. ఎలా ఉన్నాడన్నాను. నల్లటి పొడుగు చొక్కా, ఎడమ భుజం మీద ఎర్ర గుడ్డతో అతుకు అంది.

బౌదీ, ఆ అతుకు సంగతి నాన్నగారి నాటకంలో లేదు. నేను తరగతిలో చెప్పలేదు. ఎవరైనా అడిగితే నాకు గుర్తుండేదే కాదు. మేజ్‌బౌది తన పెళ్ళిచీర అంచు చింపి కుట్టింది అది. కాదంటావా?

నేనీ కాలేజీలో పదేళ్ళుగా దయ్యాలొచ్చే నాటకాలు పాఠం చెబుతున్నాను. ఒక దేశంలో దయ్యం పగ అడగడానికి వస్తుంది, ఇంకో దేశంలో తన కథ ఎవరైనా వింటారేమోనని వస్తుంది అని పిల్లల చేత రాయిస్తాను. మనవాడు ఎందుకు వస్తాడు? పాడతాడు, పోతాడు, ఏమీ అడగడు. ఎవరూ చూడనివాడు ఏం అడుగుతాడు?

మేజ్‌బౌదికి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను రాస్తాను.

శెఫాలి

*

శ్రీశ్రీ దుర్గా శరణం
కాట్వా
లక్ష్మీపూజ వెళ్ళాక

శెఫాలికి,

విజయదశమి ఆశీస్సులు. రశీదు చూశాను. నువ్వు చెప్పిందే నిజం.

నీహార్‌కి చెప్పాం. నేనే చెప్పాను, అత్తగారు ఆ పని నా మీదికి తోశారు. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని అరటిపువ్వు తరుగుతోంది. చెయ్యి ఆపకుండానే వింది. తరవాత, "దిదీ, ఆటలో రాణికి మొగుడు పోయాడన్న కబురు రంగం మధ్యకి పిలిచి చెబుతారు. నాకు అరటిపువ్వు ముందు చెప్పారు. పోనీలెండి, నా వేషం ఎప్పుడూ చిన్నదేగా" అంది. నాకు తిట్టినట్టు అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

నువ్వు రాసిన అతుకు సంగతి చెప్పలేదు. నిజమే, అది తన పెళ్ళిచీర అంచే.

కాని మాటల్లో ఒకటి బయటపడింది. మధ్యాహ్నం పళ్ళెం పక్కన నీహార్ పెట్టే తాంబూలం ఉంది కదా. అన్నం ఆవుకి పెడతాం, అది నా చేత్తో నేనే తీసుకెళతాను. తాంబూలం నేను వెళ్ళేసరికి ఉండదు. పెట్టింది తనే కాబట్టి తనే తీస్తోందనుకుంటూ వచ్చాను. ఇక ఆ తాంబూలం ఎన్నాళ్ళో పెట్టక్కర్లేదని చెప్పబోతూ అడిగాను.

"రోజూ నువ్వే తీస్తున్నావుగా?"

"నేనా? మీరు తీస్తున్నారనుకున్నాను దిదీ."

"నేనెందుకు తీస్తాను?"

"అత్తయ్యకి ఇస్తున్నారనుకున్నాను."

"ఆవిడకి పళ్ళేవీ?"

కాకి అన్నాను. కాకి అన్నం వదిలేసి ఆకు ఎత్తుకుపోతుందా అంది. నేను మర్నాడు వసారాలో చాప వేసుకుని పళ్ళెం మీదే కన్నేసి కూర్చున్నాను. పక్కింటి పాప వచ్చి పసుపు అడిగింది. ఇచ్చి తిరిగి చూసేసరికి లేదు. పసుపు డబ్బా నా పక్కనే ఉంది శెఫాలీ, నేను లేవనుకూడా లేదు. తల తిప్పానంతే.

అప్పట్నుంచి నీహార్ నాతో తక్కువ మాట్లాడుతోంది. గాజులు కడుగుతున్నప్పుడు మాత్రం చాలాసేపు కడుగుతోంది. దాదా ఆమె ఎదురైతే తల కొంచెం పైకెత్తి వెళ్ళిపోతున్నారు. ఆ చూపు నాకు తెలుసు. దీపం పైకి చూసే చూపు.

రమల బౌది

*

షిల్లాంగ్
కార్తీకం చివర

బౌదీ,

ఆట అయిపోయింది. బయట కుంభవృష్టి. నేను రావడానికి చాలా ప్రయత్నించాను, కొండచరియ విరిగి గౌహతి దారి మూసేశారు. కర్మ రోజుకి అందుకోలేను. టపా సంచులు మాత్రం కూలీలు మోసుకుని చరియ దాటిస్తున్నారట. అందుకే ఇది త్వరగా రాస్తున్నాను, నీకు ముందే చేరాలి.

నేను దాదా చెప్పిన నియమం తీసేశాను. ఇబాన్రిని వక్క ఇవ్వనిచ్చాను. మొదటి వరసలో మన బెంగాలీ పెద్దమనుషులు కూర్చున్నారు. రాజు లేచి వివేకుడికి వక్క అందించగానే ఒకాయన పక్కాయనతో, "ఇదేం జాత్రా అండీ, కిళ్ళీకొట్టు పెట్టారు" అన్నారు. వాళ్ళ నవ్వు నాకు వినబడింది. కాని వెనక వరసల్లో ఉన్న ఖాసీ తల్లులు నవ్వలేదు. వాళ్ళంతా ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. వివేకుడి వేషం వేసిన పిల్ల వక్క నోట్లో పెట్టుకుంది. ఆ తరవాత రాజు చేతిలోంచి పిండం జారిపోవాలని నాటకంలో ఉంది. ఇబాన్రి చేతిలోంచి అది నిజంగానే జారిపోయింది. చూసిన తరవాత ఎవడైనా ఎలా పిండం పెడతాడు బౌదీ? నాన్నగారు చూడకూడదని ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. చూస్తే ఆట ముందుకి సాగదు.

అయిపోయాక ఒక ముసలావిడ, ఇబాన్రి అమ్మమ్మట, నా దగ్గరికొచ్చి ఏదో అడిగింది. పిల్ల మాట మార్చి చెప్పింది. "రెండో ఆయనకి కూడా ఇచ్చారా అని అడుగుతోంది మిస్."

ఇచ్చావా అన్నాను. ఇబాన్రి ఖాళీ సంచి తిరగేసి చూపించింది. రెండు తెచ్చిందట. వేషం వేసిన పిల్లకి ఒకటే ఇచ్చింది.

ఆయన ఉన్నవాడో లేనివాడో మీ అమ్మమ్మని అడుగు అన్నాను. అడగనంది. వక్క ఇచ్చేటప్పుడు అది అడగడం మర్యాద కాదట.

నేనొకటే కోరుతున్నాను. మేజ్‌దా కోసం కాదు. ఆ రోజు ఘాట్‌లో ఎవరో ఒకరు మేజ్‌బౌది వైపు చూడండి. మనింట్లో పన్నెండేళ్ళుగా వివేకుడి వేషం వేస్తున్నది ఆవిడే.

శెఫాలి

*

శ్రీశ్రీ దుర్గా శరణం
కాట్వా
మార్గశిరం

శెఫాలికి,

ముందు ఇది చదువుకుని స్థిమితపడు. నేనిది రాస్తుంటే వంటింట్లో నీహార్ చేప వేయిస్తోంది, గాజుల చప్పుడు వినబడుతోంది. ఇక జరిగింది వరసగా రాస్తాను.

నీ ఉత్తరం సమయానికి అందింది. చదివి కోపం వచ్చింది, పెట్టెలో పడేశాను. ఏర్పాట్లన్నీ చేసి ఉన్నాను, ఇప్పుడు ఎవరి వైపు ఎవరు చూడాలో చెప్పడానికి నువ్వెవరివి అనుకున్నాను.

పొద్దున్నే ఘాట్‌కి వెళ్ళాం. అజయ్ నది గంగలో కలిసేచోట మార్గశిరంలో మంచు ఎలా ఉంటుందో నీకు తెలుసు, మెట్ల కింద నీళ్ళున్నాయో లేదో కనబడదు. దర్భబొమ్మని పడుకోబెట్టారు. కొబ్బరికాయ తల, మొహం ఒకపక్కకి తిరిగి ఉంది. దీపం వెలిగించారు. దాదా కొరివి పట్టుకున్నారు. అత్తగారిని పీట మీద కూర్చోబెట్టాను. నీహార్‌ని తీసుకురావడానికి ఇద్దరు ముత్తయిదువుల్ని పంపాను, వాళ్ళు ఒట్టిచేతుల్తో వచ్చారు. తనే వస్తానందట.

మంత్రం సగంలో ఉండగా మా వెనక, ఆడవాళ్ళ వైపు, ఒక దగ్గు వినిపించింది. తరవాత పాట.

కళ్ళు మూసిందెవరు రాజా, కాలిందెవరు రాజా
పిండం తినమంటావు, పిలిచిందెవరిని రాజా

నీహార్ వచ్చింది. ఒంటి మీద ఆ నల్ల అంగరఖా. తాళం చెవి నా కొంగునే ఉంది, ఇప్పుడూ ఉంది. తరవాత తనని అడిగితే, "లేచేసరికి నా మంచం మీద మడతపెట్టి ఉంది దిదీ" అంది, అంతకంటే అడగలేదు. మెట్లు దిగి దాదా పక్కన నిలబడి పాడింది. నీహార్ గొంతు అంత బాగుంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి దగ్గర వండాం.

ఎవరూ చూడలేదు శెఫాలీ. పురోహితుడు పంచాంగంలోకి చూశాడు. వచ్చిన చుట్టాలు నీళ్ళవైపు చూశారు. మీ దాదా దీపానికి కాస్త పైకి చూశారు, కనురెప్ప కదల్లేదు, ఎంత బాగా చేశారో. నేనూ అటే చూస్తున్నానని అప్పుడు తెలిసింది. ఎవరు నేర్పారు నాకు? నేనెప్పుడూ చాప ఎక్కలేదు.

నడుముకి దోపుకున్న తమలపాకుల డబ్బా నా చేతికి తగిలింది. ఒక తాంబూలం తీశాను. లేచి వెళ్ళి నీహార్ మొహంలోకి చూసి అందించాను. అంతే నేను చేసింది.

పాట ఆగింది. నీహార్ దాన్ని చేతిలో పట్టుకుని నన్ను చూసింది. తరవాత అందరికీ వినబడేలా, కాని అరవకుండా, "ఈ గాజులు నా చేతులకున్నాయి. తీసే రోజు వస్తే నేనే తీస్తాను. ఒక్కరైనా నన్ను అడిగారా?" అంది.

దాదా తల తిప్పి తనని చూశారు. మరదలి మొహం ఆయన అంతసేపు చూడటం నేనెన్నడూ ఎరగను. కొరివి కిందికి దించి తడిమెట్టు మీద పెట్టారు. అది చుంయ్‌మని ఆరిపోయింది. "నేను వెలిగించలేనమ్మా" అన్నారు అత్తగారితో. ఆవిడ, "బొమ్మ కట్లు విప్పించు" అన్నారు.

నీహార్ తాంబూలం నోట్లో పెట్టుకుని నమలసాగింది. బుగ్గ ఉబ్బింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నేను తన మొహమే చూస్తున్నాను, ఇంకెటూ చూడటం లేదు, అందుకే ఇది ఇంత కచ్చితంగా రాయగలుగుతున్నాను.

పాట మళ్ళీ మొదలైంది. నీహార్ నమలడం ఆపింది. పాట ఆగలేదు.

అది మెట్ల కిందనుంచి వస్తోంది, మంచులోంచి. మగగొంతు. దాదా చెయ్యి నా భుజాన్ని పట్టుకుంది. అత్తగారు చూపులేని కళ్ళతో అటు తిరిగి కూర్చుని, వంటింట్లోంచి కేకేసి చెప్పినంత మామూలుగా అన్నారు.

"పెద్దకోడలా, ఇంకొకటి చుట్టు."

చుట్టాను. సున్నం ఎక్కువైందేమోనని ఒకసారి తుడిచాను కూడా. ఆఖరి మెట్టుదాకా దిగి, అరచేతిలో పెట్టుకుని మంచులోకి చాచాను. ఉన్నవాడివా లేనివాడివా అని అడగలేదు. కన్ను తిప్పకూడదని అరచేతినే చూస్తూ నిలబడ్డాను, చెయ్యి మణికట్టు దాకా తెల్లగా మాయమైపోయింది. నీళ్ళు పాదాలకి తగిలాయి.

చేతిలో బరువు పోయింది.

నీ బౌది
రమల